నువ్వెవరి మనిషివి?

మంత్రిగారు భుజం మీద చెయ్యి వేసి "ఏమండీ, ఆరోగ్యం బాగుంటోందా?" అని అడిగితే నాకు ఒళ్ళు జలదరించేది. అరిచే మంత్రి తనకేం కావాలో అరుపులోనే చెప్పేస్తాడు. ఆప్యాయంగా మాట్లాడేవాడికి ఏం కావాలో మనకి తెలిసేసరికి మనం తల ఊపేసి ఉంటాం. అందుకని ఆరోగ్యం సంగతి అడిగిన ప్రతి మంత్రికీ "ఏదో ఇలా ఉందండీ" అని నీరసంగా చెప్పేవాణ్ణి. నీరసంగా ఉన్నవాడికి పెద్ద పనులు అప్పజెప్పరని నా ఆశ.

నీటిపారుదల శాఖలో ఏఈగా, అంటే అసిస్టెంటు ఇంజనీరుగా చేరి ఈఈగా రిటైరయ్యాను. ఈఈ అంటే ఒక డివిజను కాలువలన్నిటికీ బాధ్యుడు. ఇప్పుడు పటమటలో ఉంటున్నాను. పొద్దున్నే వాకింగుకి వెళ్తే కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కనపడి "సార్, ఫీల్డులో ఎలా ఉంటుంది?" అని అడుగుతుంటారు. కాంక్రీటు గురించీ, గేట్ల గురించీ చెబుతానని వాళ్ళ ఉద్దేశం. అవి పుస్తకాల్లో ఉన్నాయి. పుస్తకాల్లో లేనిది ఒకటే ఉంది: మిమ్మల్ని అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు. నువ్వెవరి మనిషివి? మొదటిరోజు నుంచి ఆఖరిరోజు దాకా అదే ప్రశ్న. "ఎవరి మనిషినీ కాదండీ" అంటే ఎవరూ నమ్మరు. సరిగ్గా దాచుకోవడం తెలిసినవాడని అనుకుంటారు, అంతే.

ఆ ప్రశ్నకి నిజంగా జవాబు చెప్పిన మనిషిని నా సర్వీసులో ఒక్కరినే చూశాను. ఆమె గురించి రాస్తాను. నా ప్రమోషన్ల గురించి రాస్తే మా ఇంట్లోవాళ్ళే చదవరు.

వంతు

కంకిపాడు దాటాక మా పరిధిలో ఒక బ్రాంచి కాలువ ఉండేది. నీళ్ళు పుష్కలంగా ఉన్నప్పుడు ఆ కాలువ గురించి ఎవరూ మాట్లాడరు. నీళ్ళు తగ్గాయంటే వంతులు పెట్టాలి. కొన్నాళ్ళు ఎగువ ఊళ్ళకి, కొన్నాళ్ళు కాలువ చివర ఉన్న శివారు ఊళ్ళకి. ఎగువ వంతు నడుస్తున్నప్పుడు శివారు షట్టరు దించాలి, శివారు వంతప్పుడు ఎగువ షట్టరు దించాలి. చెప్పడానికి ఇంతే. చేయడానికి మాత్రం గేటు దగ్గర కాపలా ఉండే లస్కరు నుంచి మంత్రి దాకా అందరికీ ఆ షట్టరు మీద ఒక అభిప్రాయం ఉంటుంది.

ఆ కాలువకి ఏఈగా ఎస్తేరు రాణి వచ్చింది. పొట్టిగా, మెల్లగా మాట్లాడే అమ్మాయి. అమ్మాయి అంటున్నానుగానీ అప్పటికే ఆమె కొడుకు హైస్కూల్లో ఉన్నాడు. భర్తకి ఇబ్రహీంపట్నంలో షిఫ్టు ఉద్యోగం. మా కాలువలాంటి చోటికి పోస్టింగు కావాలని ఎవరూ అడగరు. ఈమె అడిగి మరీ వేయించుకుందని తెలిసి నాకు అనుమానం పుట్టింది. ఎవరు పంపారు? ఏ పార్టీ? ఏ పాస్టరుగారి సిఫార్సు? నాకు తెలిసినవాళ్ళందరినీ వాకబు చేశాను. ఏమీ తేలలేదు. తేలకపోయేసరికి అనుమానం ఇంకాస్త పెరిగింది. దీనికి నేనేం సిగ్గుపడను. మా శాఖలో అనుమానపడనివాడు పెన్షను దాకా రాడు.

ఆమె ఒక పని మొదలుపెట్టింది. అంతకుముందు వంతు ఎవరిదో లస్కరుకీ, మాకూ, ఊరికి ఇద్దరు పెద్దమనుషులకీ మాత్రమే తెలిసేది. ఈమె వంతు మారేముందు ప్రతి ఊరికీ కబురు పెట్టి గుడి మైకులోనూ, చర్చి మైకులోనూ చదివించేది. "రేపు పొద్దున్నుంచి శివారు వంతు. ఎగువ షట్టరు దించుతారు. ఇంజన్లు పెట్టి తోడుకోవద్దు" అని తెల్లారగట్ల సుప్రభాతం తర్వాత గుడిలోంచి, ప్రార్థన తర్వాత చర్చిలోంచి వినపడేది. పూజారిగారు మొదట్లో సణిగారు. తర్వాత ఆయనకే హుషారొచ్చి ఊరి పేర్లు రాగం తీసి చదివేవారు.

"ఎందుకమ్మా ఈ హడావుడి?" అని అడిగాను.

"అందరికీ తెలిస్తే నా మీద ఒత్తిడి తగ్గుద్ది సార్. దొంగతనంగా ఎత్తడానికి వీలుండదు కదా."

తగ్గుతుందని ఆమె అనుకుంది. పెరుగుతుందని నాకు తెలుసు. దొంగతనంగా చేసే పనిని అందరిముందూ చేయాల్సి రావడం కంటే పెద్దవాళ్ళకి కోపం తెప్పించేది ఇంకోటి లేదు.

సార్ పక్కనే ఉన్నారు

మంత్రి ఎప్పుడూ తప్పు పని చెప్పడు. పీఏ చెబుతాడు. "సార్ పక్కనే ఉన్నారండీ, చూసుకోమన్నారు" అంటాడు. ఏం చూసుకోవాలో చెప్పడు. రేపు గొడవైతే మంత్రి ఏమీ అనలేదు, పీఏ చూసుకోమన్నాడు, మనమే ఎక్కువ చూసుకున్నాం. ఈ మాటల విద్య వాళ్ళకి వెన్నతో పెట్టింది. మా మంత్రిగారి పీఏ రాంబాబు గొంతైతే తేనెలో ముంచి తీసినట్టుండేది. నన్ను "అన్నగారూ" అనేవాడు. ఆ పిలుపు వినపడగానే నేను ఫోను చెవికి కాస్త దూరంగా పెట్టుకునేవాణ్ణి.

ఆ ఏడు దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్ళు తక్కువ. శివారు వంతు నడుస్తోంది. మంత్రిగారి సొంతూరు ఎగువన ఉంది. అక్కడ ఆయన అనుచరుల చేపల చెరువులు ఎండుతున్నాయి. రాంబాబు ఎస్తేరుకి ఫోను చేశాడు. సార్ పక్కనే ఉన్నారన్నాడు. ఎగువ షట్టరు కొంచెం ఎత్తితే చాలన్నాడు.

"శివారులో వరి పొట్టమీదుందండీ. వంతు వాళ్ళదని మైకుల్లో కూడా చదివించాం. సార్ ఎత్తమంటే ఒక కాగితం మీద పంపండి, ఎత్తుతాను" అందట ఆమె.

కాగితం అడగడమంటే మా దగ్గర బూతు మాట్లాడినంత పని. రాంబాబు నాకు చేశాడు. "అన్నగారూ, ఆ అమ్మాయికి కాస్త చెప్పండి, కొత్త కదా" అన్నాడు. కొత్త కాదు, చాలా ఏళ్ళ సర్వీసు ఉందన్నాను. "అయితే మరీ చెప్పాలి" అన్నాడు. నేను నీళ్ళు నమిలి, రూల్సులో వంతు మార్చే అధికారం ఏఈకి లేదని చెప్పి పెట్టేశాను. అది నిజమే. ఆ అధికారం నాకుంది. ఆ సంగతి అతనికి గుర్తు రాకపోతే బాగుండునని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

గుర్తొచ్చింది. మర్నాడే విజయవాడలో రివ్యూ మీటింగు అని కబురు.

ఆ గదిలో

క్యాంపు ఆఫీసు హాల్లో మమ్మల్నందర్నీ కూర్చోబెట్టారు. మంత్రి మాట్లాడేటప్పుడు ఎవరిని లేపితే వాళ్ళు నిలబడే ఉండాలి, ఆయన కూర్చోమనేదాకా. ఆయన కూర్చోమనడు. అదే ఆయన పద్ధతి. మిగతావాళ్ళ సమస్యలన్నీ నవ్వుతూ మాట్లాడతాడు, టీలు తెప్పిస్తాడు, బిస్కెట్లు తినమంటాడు. మధ్యలో ఒక మనిషి నిలబడే ఉంటారు. పక్కవాళ్ళు బిస్కెట్టు నములుతూ ఆ మనిషి వైపు చూడకుండా ఉండటానికి నానా తిప్పలు పడతారు.

ఆరోజు లేపింది ఎస్తేరుని.

"ఏమ్మా, మైకుల్లో ఉపన్యాసాలిస్తున్నావంట? ఎలక్షన్లో నిలబడతావా?"

ఎవరో నవ్వారు. నవ్వింది మా ఎస్ఈ, అంటే నా పైఅధికారి. ఆయనకి ప్రమోషను రావాల్సి ఉంది.

"వంతు చదివిస్తున్నానండీ" అంది ఆమె.

"చర్చిలో చదివిస్తున్నావంటగా. నీ మతం నువ్వు ప్రచారం చేసుకో, నా కాలువ మీద కాదు."

"గుళ్ళో కూడా చదువుతున్నారండీ."

"ఎదురు మాట్లాడుతున్నావా?" అని బల్ల మీద పెన్ను విసిరాడు. అది దొర్లుకుంటూ పోయి కింద పడింది. ఎస్ఈగారు ఒంగి తీసి తుడిచి ఆయన ముందు పెట్టారు. నా సర్వీసు మొత్తంలో నాకు అంత అసహ్యం వేసిన దృశ్యం ఇంకోటి లేదు. విసిరినవాడి మీద కంటే తుడిచినవాడి మీద ఎక్కువ వేసింది.

తర్వాత మంత్రి గొంతు తగ్గించాడు. "నువ్వెవరి మనిషివమ్మా? చెప్పు. ఎవరు పెట్టారు నిన్ను అక్కడ? ఆ పార్టీవాళ్ళేనా?" అన్నాడు. "ఆడదానివని ఊరుకుంటున్నా. మొగాడివైతే నీకు వేరే మర్యాద జరిగేది. రేపొద్దున ఎక్కడుంటావో తెలుసా నువ్వు?"

"వంతు అయ్యేదాకా గేటు దగ్గరుంటానండీ" అంది.

తెగువ చూపించాలని అన్నది కాదు అది. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పింది. ఆయనకి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. నా వైపు తిరిగి, "ఈఈగారూ, ఈమె విధుల్లో నిర్లక్ష్యంగా ఉందని రిపోర్టు రాయండి. సాయంత్రానికి నాకు కావాలి" అన్నాడు. ఆ రిపోర్టు వెళ్తే సస్పెన్షను. ఆ మచ్చ ఆమె సర్వీసంతా వెంటాడుతుంది.

నేను లేచాను. "ఆమె నా ఆర్డరు ప్రకారమే చేసిందండీ. వంతులు నిర్ణయించింది నేను. నిర్లక్ష్యం అని రాయాలంటే నా మీదే రాసుకోవాలి" అన్నాను. ఆయన నన్ను కూర్చోమనలేదు. మీటింగు ముగిసేదాకా మేమిద్దరం నిలబడే ఉన్నాం. టీ మా దాకా రాలేదు.

ఇది చదివి నన్ను వీరుణ్ణి చేయకండి. సాయంత్రం రిపోర్టు పంపలేదు, మర్నాడూ పంపలేదు. రాంబాబు ఫోన్లు చేశాడు. నేను జ్వరమన్నాను, కంప్యూటరు పాడైందన్నాను, రికార్డు వెరిఫై చేస్తున్నానన్నాను. గవర్నమెంటు ఉద్యోగికి ఆలస్యం చేయడం కంటే మంచి ఆయుధం లేదు. అంతలో ఎన్నికల కోడ్ వచ్చింది. ఎవరినీ కదిలించడానికి వీల్లేకుండా పోయింది. శివారు వరి పండింది. తర్వాత ప్రభుత్వం మారింది. మమ్మల్ని మా ధైర్యం కాపాడలేదు, క్యాలెండరు కాపాడింది.

శాలువా

కొత్త మంత్రి వచ్చాడు. పీఏ మాత్రం రాంబాబే. ఎలా కుదుర్చుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. "అన్నగారూ" అన్నాడు, మధ్యలో ఏమీ జరగనట్టు. "ఆ మహాతల్లిని మా సార్ సన్మానించాలంటున్నారు."

తిట్టడానికి పిలిస్తే ఏం చేయాలో నాకు తెలుసు. సన్మానానికి పిలిస్తే ఏం చేయాలో ఏ రూల్సులోనూ లేదు.

సభ పెట్టారు. ఆమె వెళ్ళింది, నేనూ వెళ్ళాను. స్టేజి వెనక గదిలో కొత్త మంత్రి ఆమెకి కుర్చీ వేయించాడు, స్వయంగా మంచినీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు. ఇక చూడండి నా అనుమానం.

"ఆ దుర్మార్గుడు నిన్ను ఎన్ని మాటలన్నాడో స్టేజి మీద చెప్పమ్మా. ఏం భయం లేదు, మేమున్నాం. ప్రజలకి తెలియాలి" అన్నాడు.

ఆమె సీసా కింద పెట్టింది. "అన్న మాట నిజమేనండీ. దాని మీద విచారణ వేయండి. పిలిస్తే వచ్చి అన్నీ చెబుతాను. స్టేజి మీద చెప్పలేనండీ."

"విచారణలో చెబితే ఎవరు వింటారమ్మా?"

"వినాల్సినవాళ్ళు వింటారు కదండీ."

ఆయన నవ్వు మొహం మీద అలాగే ఉంది, కళ్ళలోంచి పోయింది. "అంటే వాళ్ళతో కూడా మంచిగా ఉండాలనా? ఇంతకీ నువ్వెవరి మనిషివి?" అన్నాడు. అవే మాటలు. ఆయన పెన్ను విసరలేదు, శాలువా కప్పాడు. ఫొటో తీయించుకున్నాడు. విచారణ మాత్రం ఎవరూ వేయలేదు. మొదటి మంత్రి ఒక ఆడమనిషిని అందరిముందూ అవమానించిన సంగతి రెండో మంత్రికి స్టేజికి పనికొచ్చే సరుకు తప్ప ఇంకేమీ కాదని ఆరోజు అర్థమైంది. కొత్తగా చేరినవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. మీ బాధ విన్నవాడల్లా మీవైపు ఉన్నట్టు కాదు.

న్యాయంగా కనపడిన ఆర్డరు

మళ్ళీ నీళ్ళు తగ్గాయి, మళ్ళీ వంతులు పెట్టాం. ఈసారి రాంబాబు ఫోను నాకే వచ్చింది. "అన్నగారూ, సార్ పక్కనే ఉన్నారు. శివారు రైతులకి చాలా ఏళ్ళుగా అన్యాయం జరిగిందని సార్ బాధపడుతున్నారు. ఈ ఎగువ వంతు ఆపేసి నీళ్ళన్నీ శివారుకే వదిలేయమంటున్నారు."

వినడానికి ఎంత బాగుంది! న్యాయంగా వినపడే ఆర్డరు వస్తే రెండుసార్లు చదవాలి. ఎగువన ఉన్నది పాత మంత్రి ఊరు. ఆయన అనుచరుల చెరువులు ఎప్పుడో నిండి ఉన్నాయి, ఈలోపు వాళ్ళు బోర్లు కూడా వేయించుకున్నారు. ఎండేది కౌలు రైతుల వరి. ఆ ఊరిలో ఎక్కువమంది కౌలు రైతులే. పాత మంత్రికి వాళ్ళు ఓట్లేశారో లేదో ఎవరికీ తెలియదు. ఊరి పేరు ఆయనది, అంతే వాళ్ళు చేసిన నేరం.

ఎస్తేరుని పిలిచి చెప్పాను. ఆర్డరు కాగితం మీద అడిగానని, రాలేదని, వంతు మార్చలేదని చెప్పాను. "అయితే రేపటి వంతు ఎగువకే కదా సార్? మైకులో చదివించేస్తాను" అంది. నేను ఆగమందామనుకున్నాను. ఆగమనడానికి నోరు రాలేదు.

పొద్దున ఆమె గేటు దగ్గరికి వెళ్ళేసరికి కొత్త మంత్రి మనుషులు షట్టరు చుట్టూ కూర్చుని ఉన్నారు. నేను జీపులో వెళ్ళాను. వాళ్ళలో ఒకడు నన్ను చూసి "రండి సార్, మీరూ పాత బ్యాచేనా?" అన్నాడు. ఎస్తేరు వాళ్ళకి దండం పెట్టింది. నిజంగానే పెట్టింది.

"మొన్న మీ శివారు వంతప్పుడు నన్నెన్ని మాటలన్నా షట్టరు దించే ఉంచాను కదండీ. ఇవాళ వాళ్ళ వంతు. ఇవాళ ఎత్తకపోతే, మళ్ళీ మీ వంతొచ్చినప్పుడు ఏం చెప్పి నిలబడను?"

వాళ్ళలో శివారు రైతు ఒకాయన ఉన్నాడు, పెద్దవాడు. తువ్వాలు దులుపుకుని లేచాడు. "లెగండిరా, ఆవిడ చెప్పేది నిజమే" అన్నాడు. ఒక్కొక్కరే తిట్టుకుంటూ లేచారు. లస్కరు షట్టరు ఎత్తాడు. నీళ్ళు ఎగువ కాలువలోకి కదిలాయి. ఇక బతికాం అనుకున్నాను.

అప్పుడొచ్చాడు పాత మంత్రి. కారు, వెనకాల టీవీ కెమెరా. గట్టు మీద నిలబడి రెండు చేతులూ జోడించాడు. "ఎన్ని ఒత్తిళ్ళొచ్చినా లొంగలేదు! ఈ చెల్లెమ్మ మా మనిషి! మా ఆడపడుచు!" అని గట్టిగా అన్నాడు. తను నిలబెట్టి తిట్టిన మనిషే అని ఆయనకి గుర్తుందో లేదో నాకు తెలియదు. గుర్తుండే అన్నాడని నా అనుమానం.

ఎస్తేరు కెమెరా వైపు కాదు, ఆయన వైపు చూసింది. "నేను మీ మనిషిని కాదండీ. ఇవాళ మీ ఊరి వంతు, అంతే" అంది.

సాయంత్రం టీవీలో ఆయన మాట వచ్చింది. ఆమె మాట రాలేదు.

ఆ తర్వాత

ఆమెని రాష్ట్రం ఆ చివరకి బదిలీ చేశారు. బదిలీ కాగితంలో పాలనా సౌలభ్యం కోసం అని ఉంది. ఎవరి సౌలభ్యమో రాయలేదు. నేను కాళ్ళావేళ్ళా పడ్డాను, కొడుకు చదువు సంగతి చెప్పాను, భర్త ఉద్యోగం సంగతి చెప్పాను. కొత్త ఎస్ఈ నా మాటలన్నీ విని మెల్లగా అడిగాడు: "ఆమె వాళ్ళ మనిషే కదండీ? టీవీలో ఆయనే చెప్పాడుగా?" నేను కాదన్నాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు. నేనూ వాళ్ళ మనిషినే అనుకున్నట్టుంది.

పాత మంత్రి ఊరుకోలేదు. మా మనిషిని కక్షతో బదిలీ చేశారని పత్రికలవాళ్ళకి చెప్పాడు. ఆ మాటతో ఆమె కేసు ఇక పూర్తయింది. నేను రాయనన్న రిపోర్టు ఆయన ఈ విధంగా రాశాడు, అదీ పొగుడుతూ.

నేను రిటైరయ్యాక ఒకరోజు ఆమె ఫోను చేసింది. అక్కడ ఆఫీసులో అడుగుపెట్టిన మొదటి వారంలోనే ఎవరో పెద్దమనిషి వచ్చాడట. పాత మంత్రిగారి పేరు చెప్పి, "మీరు మనవాళ్ళేనని తెలిసింది మేడం, చిన్న పనుంది" అన్నాడట. గేటు పనే.

"ఏం చెప్పావమ్మా?" అన్నాను.

"వంతు మైకులో చదివిస్తాం, వినండి అన్నాను. నవ్వాడు సార్. నమ్మలేదు."

నాకేమో తిట్లు నోటిదాకా వస్తున్నాయి. ఆమె మాత్రం ఎప్పట్లాగే మెల్లగా అంది:

"సార్, పాత మంత్రిగారు తిట్టినరోజు ఇంటికెళ్ళి అన్నం తిన్నాను. ఆయన మెచ్చుకున్నరోజు తినలేకపోయాను."